పట్టు

ఏప్రిల్ ఆఖరి వారం.
వర్షిచ్ కనుమ దారి తెరిచారని
రొట్టెలకొచ్చిన పాలవాడు చెప్పాడు.
ఆ పూటే బేకరీ మూసి, పిండి దులుపుకోకుండానే
ద్రాగిత్సా షెడ్డుకి బండి తోలాను.

మూడు టైర్లు గోడకి ఆనించింది.
"చూడు మెతోద్, ఏది కావాలో చెప్పు."
ముప్ఫయ్యేళ్ళుగా రొట్టెలు చేస్తున్నవాణ్ణి,
నాకు చూడటం రాదు, నొక్కటమే వచ్చు.
బొటనవేలు దించాను.

మొదటిది గోటికి లొంగింది.
ఎర్రక్షరాల టైరు. గాళ్ళు తక్కువ, గర్వమెక్కువ.
ఎండలో తారుని బంకలా అంటుకుంటుందట.
రెండోది నిన్నటి రొట్టె.
ఎన్నేళ్ళైనా అరగదు, ఎవరి మాటా వినదు.
మూడోది చుట్టూ నాలుగు కాలవలు తవ్వుకుని
పేరు కూడా నల్ల మీద నల్లగా రాసుకుని
మూలకి నిలబడింది.

ఎర్రక్షరాలవి నాలుగూ ఏడొందల ఇరవై యూరోలు.
ఆ డబ్బుకి ఎంత వెన్నొస్తుందో లెక్కేశాను.
లెక్క కావాలనే తప్పాను.

"ఎన్నింటికి నడుపుతావు?"
ఆదివారం, రొట్టెలు బయటికి తీశాక, ఆరింటికి.
"ఆరింటికి పైన చలి ఐదు డిగ్రీలు.
ఈ మెత్తనిది అప్పటికింకా నిద్రే లేవదు.
అది కళ్ళు తెరిచేసరికి నువ్వు కాఫీ తాగుతుంటావు."

నేను మాట్లాడలేదు.
ఆవిడ లోపలికెళ్ళి నా పాత వేసవి టైర్లు దొర్లించుకొచ్చింది,
ఎవరిదో డైరీ దొరికినట్టు వేలుపెట్టి చదివింది.
"ముందు ఎడమది, బయటి భుజం చూడు, గుండు.
కుడి మలుపుల్లో బ్రేకు ఆలస్యంగా వేస్తావు.
వేశాక భయపడతావు."
యాభై మలుపుల దారది, ప్రతి మలుపుకీ నంబరుంటుంది.
ఏ నంబరు దగ్గర భయపడ్డానో నాకే తెలుసనుకున్నాను.

"పట్టు ఒక్కటే అడుగుతున్నావు,
విడుపు సంగతి అడగవేం?
ఇది ఆఖరిదాకా పట్టుకుని, చెప్పకుండా వదిలేస్తుంది.
ఆ మూలది ముందు మూలుగుతుంది,
తర్వాత కాస్త జారుతుంది,
నీకు బుద్ధి రావడానికి వ్యవధిస్తుంది."

అంటూనే బండి తలుపు తీసింది.
పక్క సీటు నెత్తిన, పట్టుకునే పిడి.
నా వైపుది కొత్తగా గరుగ్గా ఉంది.
అటువైపుది
గాజులా నున్నగా మెరుస్తోంది.
"ఇదెవరు అరగదీశారు?"

జెర్నేయా.
పదకొండేళ్ళుగా ఆదివారాలన్నీ
వెళ్దామంటే వెళ్దామనే మనిషి.
నెమ్మదిగా అని ఒక్కసారైనా అనలేదు.
అనలేదు కదా అని
నేను వినలేదు.

మూలది బిగించమన్నాను.

చక్రం తిరుగుతుంటే కొత్త రబ్బరు మీద
సన్నటి నూగు. పురిటి వెంట్రుకలు.
"రెండొందల కిలోమీటర్లు మెల్లిగా పో," అంది ద్రాగిత్సా,
"ఇంకా పైన జిడ్డుంటుంది, పాకే పిల్లలివి."
చేతులు తుడుచుకుని బిల్లు రాసింది.
ఒక్క యూరో కూడా తగ్గించలేదు.

ఆదివారం త్రెంతా దాటగానే వాన పట్టుకుంది.
నేల మీద మేం ఆనేది
నాలుగు అరచేతులంత మేర, అంతే.
ముప్ఫై ఒకటో మలుపు, కుడికి.
కాలవల్లోంచి నీళ్ళు చీలిపోతున్న చప్పుడు.
ఎప్పటికంటే ముందు బ్రేకు తొక్కాను,
బండి చిన్నగా మూలిగింది, విన్నాను.

పక్కకి చూశాను.
జెర్నేయా రెండు చేతులతో
కమలాపండు ఒలుస్తోంది.
తొక్క వాసన బండంతా.
"రోడ్డు చూడు," అంది.

నిజం చెప్పాలంటే
ఆ ఎర్రక్షరాల మీద మనసింకా పోలేదు.
నిన్న రాత్రి పిండి పిసుకుతూ కూడా
ఓసారి బొటనవేలు దించి చూశాను.
అచ్చం ఆ మెత్తదనమే.